ఇల్లు వెతికేముందు ఇరవైనాలుగు గంటలూ లెక్కవేయండి

ప్రశ్న: మాది రాజమండ్రి. మావారికి హైదరాబాదులో కొత్త ఉద్యోగం వచ్చింది. ఆఫీసు మాదాపూర్‌లో. మేము నలుగురం. మావారికి నలభై ఏళ్ళు, కొద్దిగా రక్తపోటు వుంది. మా అత్తగారికి అరవై తొమ్మిది. చక్కెర వ్యాధి, మోకాళ్ళ నొప్పులు. మా అబ్బాయికి ఆరేళ్ళు. చలికాలం వచ్చిందంటే వాడికి ఉబ్బసం. మూడు ఇళ్ళు చూసి వచ్చాం. ఒకటి ఆఫీసుకి దగ్గర్లో, మెయిన్‌రోడ్డు మీద, అయిదో అంతస్తు. అద్దె చాలా ఎక్కువ. రెండోది తార్నాకలో సందు లోపల, రెండు గదులు. మెట్రో స్టేషనుకి పావుగంట నడక. ఇంటి దగ్గరనుంచి ఆఫీసుకి గంట పడుతుంది. మూడోది పటాన్‌చెరు వైపు విడి ఇల్లు. పెరడు వుంది, బోరు వుంది. అద్దె మొదటిదానిలో సగం. కానీ కిలోమీటరు దూరంలో ఫ్యాక్టరీలు వున్నాయి. ఆఫీసుకి స్కూటరు మీద పోను గంటన్నర, రాను గంటన్నర. మావారికి మొదటిది, పెరట్లో తులసికోట వుందని మా అత్తగారికి మూడోది నచ్చాయి. ఆరోగ్యం దృష్ట్యా ఏది మంచిదో చెప్పగలరా?

– ఒక సోదరి, రాజమండ్రి

జవాబు: ఉద్యోగం మారినప్పుడు జీతం గురించి, పిల్లల బడి గురించి, వాస్తు గురించి సలహా అడిగేవారు చాలామంది. ఆరోగ్యం గురించి అడిగేవారు అరుదు. సింహద్వారం ఏ దిక్కున వుందో చూస్తాం గాని, కిటికీ తెరిస్తే లోపలికి ఏం వస్తుందో చూడం. మీరు అడిగారు కనుక వివరంగానే రాస్తాను. బదిలీల మీద ఊళ్ళు మారే కుటుంబాలన్నిటికీ ఇది పనికివస్తుంది.

ఇల్లు ఎవరికోసం?

ముందుగా ఒక కాగితం తీసుకోండి. ఇంట్లో ఒక్కొక్కరు రోజుకి ఎన్ని గంటలు ఆ ఇంట్లో, ఆ వీధిలో గడుపుతారో రాయండి. మీవారికి ఆఫీసు తొమ్మిది గంటలు, ప్రయాణం రెండు మూడు గంటలు. మిగిలింది పన్నెండు గంటలు. అందులో ఏడు గంటలు నిద్ర. అబ్బాయి బడికి పోగా పదహారు గంటలు ఇంటిపట్టునే వుంటాడు. మీరు ఇరవై గంటలకు పైగా వుంటారు. మీ అత్తగారు దాదాపు ఇరవైనాలుగు గంటలూ అక్కడే.

చూశారా? సాధారణంగా మనం ఇల్లు ఎంచుకునేది సంపాదించే మనిషి ఆఫీసును బట్టి. కాని ఆ గాలి పీల్చేది, ఆ నీళ్ళు తాగేది, ఆ మెట్లు ఎక్కేది ఎక్కువగా మిగతావాళ్ళు. అందువల్ల నా మొదటి సూత్రం ఇది: ఇంట్లో ఎక్కువసేపు వుండేవారిని, అందరిలోకి ఆరోగ్యం తక్కువగా వున్నవారిని దృష్టిలో పెట్టుకుని పేటను ఎంచుకోండి. ఆ తరవాత సంపాదించేవారి నిద్రకి, నడుముకి హాని లేకుండా ప్రయాణం కుదురుతుందా అని చూడండి. అద్దె సంగతి ఆ తరవాత. మీ ఇంట్లో ఆ బలహీనమైన వ్యక్తులు ఇద్దరు: ఉబ్బసం వున్న పిల్లవాడు, మోకాళ్ళు సహకరించని పెద్దావిడ.

గాలి

గాలిలోని సన్నని ధూళి కంటికి కనబడదు. రెండున్నర మైక్రాన్ల కంటే చిన్న కణాలు ముక్కులో ఆగకుండా ఊపిరితిత్తుల లోతుకి పోతాయి. ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో ఈ ధూళి 40 మైక్రోగ్రాములు మించరాదని మన దేశపు ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 5 మాత్రమే. ఉబ్బసం వున్న పిల్లలకి ఈ ధూళి ఎంత తక్కువైతే అంత మంచిది.

పెద్ద రోడ్డుకి దగ్గరగా వున్న ఇళ్ళలో వాహనాల పొగ ఎక్కువ. ఆ ప్రభావం రోడ్డునుంచి 300, 500 మీటర్ల దాకా కనిపిస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. రోడ్డుకి ఆనుకుని వున్నచోట మరీ ఎక్కువ. రెండు మూడు సందులు లోపలికి వెళితే చాలా తేడా వుంటుంది. అయిదో అంతస్తు కదా అని నిశ్చింతగా వుండడానికి లేదు. పొగ పైకీ వస్తుంది, చప్పుడు ఇంకా బాగా వస్తుంది. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది దాటాక 45 డెసిబెల్స్ మించరాదని 2000 సంవత్సరపు నిబంధనలు. మెయిన్‌రోడ్డు మీద ఇది ఎక్కడ సాధ్యం? నిద్ర చెడితే రక్తపోటు అదుపులో వుండదు. మీవారికి ఇది ముఖ్యం.

ఇక ఫ్యాక్టరీలు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలను పరీక్షించి, 43 ప్రాంతాల్లో కాలుష్యం ప్రమాదస్థాయిలో వుందని తేల్చింది. ఆ జాబితాలో పటాన్‌చెరు–బొల్లారం వుంది, విశాఖపట్నం కూడా వుంది. పటాన్‌చెరు చాలా పెద్ద ప్రాంతం. అక్కడి ప్రతి వీధినీ ఒకే గాట కట్టడం న్యాయం కాదు. ఫ్యాక్టరీలకి దూరంగా మంచి కాలనీలూ వున్నాయి. కాని మీరు చూసిన ఇల్లు కిలోమీటరు దూరంలోనే వుంది. విశాఖలో 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఫ్యాక్టరీనుంచి స్టైరీన్ ఆవిరి వెలువడినప్పుడు నిద్రలో వున్నవాళ్ళు నిద్రలోనే దాన్ని పీల్చారు. పన్నెండుమంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. అటువంటిది రోజూ జరగదు. కాని రాత్రిపూట ఘాటువాసన, ఉదయం కళ్ళమంట వున్నచోట ఉబ్బసం పిల్లవాణ్ణి పెంచడం మంచిది కాదు.

చెత్త తగలబెట్టే ఖాళీస్థలాలు, కంకర మిషన్లు, చెత్త డంపింగ్ యార్డులు దగ్గర్లో వున్నాయేమో కూడా చూసుకోవాలి. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చుట్టుపక్కల కాలనీలవాళ్ళు వాసన గురించి ఏళ్ళ తరబడి మొరపెట్టుకున్న సంగతి పత్రికల్లో చదివేవుంటారు. ఇల్లు చూడడానికి మధ్యాహ్నం వెళితే ఇవేవీ తెలియవు. రాత్రి తొమ్మిదింటికి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి వెళ్ళి ఆ వీధిలో పది నిమిషాలు నిలబడండి. మీ ముక్కును మించిన పరికరం లేదు.

నీరు

"నీళ్ళకి ఇబ్బంది లేదండీ" అని ఇంటివారు అనగానే తృప్తి పడకండి. ఎక్కడి నీళ్ళు అని అడగండి. మునిసిపల్ కుళాయా, బోరా, ట్యాంకరా? హైదరాబాదుకి కృష్ణ, గోదావరి, మంజీర నీళ్ళు శుద్ధిచేసి పంపుతారు. చాలాచోట్ల రోజు విడిచి రోజు వస్తాయి. అందుకని ప్రతి ఇంట్లోనూ సంపు, పైన ట్యాంకు. శుద్ధమైన నీళ్ళు మురికి సంపులో పడితే ఏం లాభం? సంపు మూత తీయించి చూడండి. చివరిసారి ఎప్పుడు కడిగించారో అడగండి. సంపుకి పక్కనే డ్రైనేజీ గొట్టం పోతూ వుంటే ఆ ఇల్లు వద్దు. టైఫాయిడ్, విరేచనాలు, పచ్చకామెర్లు ఎక్కువగా అటువంటి చోట్లనే మొదలవుతాయి. నీళ్ళ ద్వారా వచ్చే కామెర్లలో ఒక రకం గర్భిణీ స్త్రీలకి ప్రాణాపాయం కలిగిస్తుంది.

బోరునీళ్ళ సంగతి వేరు. క్రిములు చాలవరకు కాచితే చస్తాయి. నీరు బాగా తెర్లడం మొదలైన తరవాత ఒక్క నిమిషం ఆగితే చాలు. కాని ఫ్లోరైడు, నైట్రేటు కాచినా పోవు. నీరు ఆవిరైన కొద్దీ వాటి పాలు ఇంకా పెరుగుతుంది. మన ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు, నైట్రేటు 45 మిల్లీగ్రాములు దాటరాదు. ఫ్లోరైడు ఎక్కువైతే పిల్లల పళ్ళమీద మచ్చలు వస్తాయి; మరీ ఎక్కువైతే ఎముకలు చెడతాయి. ఆరునెలల లోపు పసిబిడ్డలున్న ఇంట్లో నైట్రేటు ఎక్కువున్న నీళ్ళతో పాలు కలపకూడదు. కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు వుంటే మేలు. ఒక సీసాలో నీళ్ళు పట్టి పరీక్ష చేయించండి. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో నీటి పరీక్షలు చేస్తారు. మీ ఊళ్ళో అయితే మునిసిపల్ ఆఫీసులో అడిగితే ఎక్కడ చేయించాలో చెబుతారు. అడ్వాన్సు ఇవ్వకముందే ఈ పని కావాలి. ఇచ్చిన తరవాత రిపోర్టు వచ్చి ప్రయోజనం లేదు.

వాన, దోమ

హైదరాబాదు చెరువుల ఊరు. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్న తరవాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. వందేళ్ళు దాటినా నీళ్ళు తమ దారి మరిచిపోలేదు. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానకి చెరువుల కిందా, నాలాల పక్కనా వున్న కాలనీలు మునిగాయి. కొన్నిచోట్ల రోజుల తరబడి నీళ్ళు తీయలేదు. డ్రైనేజీ, సంపు, తాగేనీరు అప్పుడు అన్నీ ఒకటే.

ఇంటి గడప రోడ్డుకంటే కిందకి వుందా? ప్రహరీ గోడమీద, మెట్ల కింద నీటి చార వుందా? ఈ రెండూ చూడండి. పేటపేరులో చెరువో, కుంటో వుంటే ఇంకొంచెం జాగ్రత్తగా విచారించండి. ఇంటివారినీ, బ్రోకరునూ కాదు. వీధిచివర ఇస్త్రీబండి అతన్ని, మందులషాపు అతన్ని అడగండి. "ఇక్కడికి నీళ్ళు వస్తాయా?" అని అడిగితే "అబ్బే, రావండీ" అంటారు. "పెద్దవాన పడితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయి?" అని అడగండి. నిజం బయటికి వస్తుంది.

మలేరియా క్రిమిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ కనుక్కున్నది సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. ఇప్పుడు నగరాల్లో ఎక్కువ భయం డెంగూది. ఆ దోమ మురికిగుంటల్లో కాదు, శుభ్రమైన నీటిలో పెరుగుతుంది, పగటిపూట కుడుతుంది. పుట్టినచోటునుంచి కొన్ని వందల మీటర్లకి మించి సాధారణంగా పోదు. అంటే మిమ్మల్ని కుట్టే దోమ మీ ఇంట్లోదో, పక్కింటిదో. పక్కన సగంకట్టి వదిలేసిన భవనం వుంటే ఎక్కి చూడండి. స్లాబుమీద నీళ్ళు నిలిచివుంటే అది దోమల కార్ఖానా. గుడ్డునుంచి దోమ కావడానికి ఎనిమిది పది రోజులు పడుతుంది కనుక, మీ ఇంట్లో నిలవనీళ్ళన్నీ వారానికి ఒకసారి పారబోసి తొట్లు తోమించండి.

దారి

ఇప్పుడు మీవారి సంగతి. పోను గంటన్నర, రాను గంటన్నర అంటే రోజుకి మూడు గంటలు. నెలకి ఇరవై అయిదు పనిదినాలు వేసుకుంటే 75 గంటలు. అంటే నెలలో మూడు రోజులకు పైగా, పగలూ రాత్రీ, రోడ్డుమీదే వున్నట్టు. ఈ గంటలు ఆఫీసులో ఎవరూ తగ్గించరు. అవి నిద్రలోనుంచి పోతాయి, నడకలోనుంచి పోతాయి, పిల్లవాడితో గడిపే పొద్దులోనుంచి పోతాయి. పెద్దవారికి ఏడుగంటల నిద్ర కావాలి. నిద్ర కరువైతే రక్తపోటు, బరువు, చిరాకు మూడూ పెరుగుతాయి. స్కూటరు మీద అయితే పొగ, నడుమునొప్పి, ప్రమాదభయం అదనం.

ప్రయాణం ఎంతసేపు అన్నదే కాదు, ఎట్లాంటిది అన్నది కూడా ముఖ్యం. తార్నాక, మాదాపూర్ రెండూ నాగోలు–రాయదుర్గం మెట్రో మార్గంలోనే వున్నాయి. మధ్యలో రైలు మారనక్కరలేదు. రైలులో గంట కూర్చున్నా నిలబడ్డా, స్కూటరుమీద గంటంత అలసట వుండదు. ఇంకో లాభం చెబుతాను. స్టేషనుకి పావుగంట నడిచి వెళ్ళి, సాయంత్రం పావుగంట నడిచివస్తే రోజుకి అరగంట. వారానికి అయిదు రోజులు అయితే 150 నిమిషాలు. పెద్దవాళ్ళు వారానికి కనీసం అంతసేపు చురుకుగా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క సరిగ్గా ఇదే. ప్రత్యేకంగా వ్యాయామానికి తీరిక లేదని చెప్పే మొగవారికి ఇంతకంటే సులువైన మార్గం నేను చెప్పలేను.

అర్ధరాత్రి ఆసుపత్రి

పెద్దవారున్న ఇల్లు ఆసుపత్రికి ఎంతదూరం అని అందరూ అడుగుతారు. నేను మరొకటి అడగమంటాను: "రాత్రి రెండు గంటలకి అక్కడ డాక్టరు వుంటారా? సి.టి. స్కాన్ తీస్తారా?" పక్షవాతం వచ్చినప్పుడు గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. స్కాన్ తీయకుండా అది ఇవ్వడానికి లేదు. గుండెపోటుకి మొదటి గంట ఎంతో విలువైనది. ఉబ్బసం ముదిరితే పిల్లలు గంటల్లోనే ప్రమాదంలో పడతారు. కాబట్టి ఆ ఆసుపత్రికి రాత్రిపూటా, ఉదయం రద్దీలోనూ ఎంతసేపు పడుతుందో ఒకసారి స్వయంగా వెళ్ళి చూసుకోండి. 108 అంబులెన్సు ఉమ్మడి రాష్ట్రంలో 2005లో మొదలైనప్పటినుంచి ఎందరి ప్రాణాలో కాపాడింది. కాని ఆ బండి మీ సందులోకి తిరగగలగాలి, స్ట్రెచరు మీ మెట్లు దిగగలగాలి. అది కూడా చూడండి.

ఊరి అంచున కొత్తగా వెలిసిన కాలనీల్లో పాముల భయం వుంటుంది. అక్కడ వుండదలచినవారు పాముకాటు మందు నిలవ వున్న ఆసుపత్రి ఏదో ముందే తెలుసుకోవాలి.

ఇంటిలోపల

గోడలకి చెమ్మ, మూలల్లో నల్లబూజు వున్న ఇల్లు ఉబ్బసానికి శత్రువు. పైన సున్నం వేసి దాన్ని కప్పేస్తారు. బీరువా వెనక, బాత్‌రూము పక్కగోడ తడిమి చూడండి. ప్రతి గదికీ వెలుతురు, ఎదురెదురు కిటికీలు వుండాలి. వంటింటి పొగ బయటికి పోవాలి. కొత్తగా రంగులు వేసిన ఇంట్లో ఘాటు పోయేదాకా పిల్లవాణ్ణి పడుకోబెట్టవద్దు.

మీ అత్తగారికి కింది అంతస్తు, లేదా కరెంటు పోయినా పనిచేసే లిఫ్టు కావాలి. లిఫ్టు లేని మూడో అంతస్తులో ఆవిడ ఖైదీ అయిపోతారు. నడక తగ్గితే చక్కెర పెరుగుతుంది. పుట్టిపెరిగిన ఊరు వదిలివచ్చిన పెద్దవాళ్ళకి పలకరించే మనుషులు మందులంత అవసరం. పదినిమిషాల నడకలో గుడో, పార్కో, కూరల బజారో, నాలుగు మాటలాడే ఇరుగుపొరుగో వున్న పేట చూడండి. మీకూ అది అవసరమేనమ్మా. మీరు ఆ మాట ఉత్తరంలో రాయలేదు గాని, రోజంతా కొత్తఊళ్ళో నాలుగుగోడల మధ్య వుండేది మీరు కూడా.

మీ మూడు ఇళ్ళ సంగతి

మూడో ఇల్లు వద్దు. అద్దె సగమే, నిజమే. పెట్రోలు, ట్యాంకరు, పిల్లవాడి మందులు, రాత్రిపూట ఆసుపత్రికి పరుగులు కలిపి చూస్తే మిగిలేది కొంచెమే. వాడి ఊపిరికి ఖరీదు కట్టలేం. ఇంట్లో ఉబ్బసం లేకుండా, ఉద్యోగం పటాన్‌చెరులోనే వుండి, ఇల్లు ఫ్యాక్టరీలకి దూరంగా దొరికిన కుటుంబానికి నేను ఇదే మాట చెప్పను. వారి లెక్క వేరు.

మొదటి ఇల్లు మీవారి ప్రయాణం తగ్గిస్తుంది గాని పొగ, చప్పుడు మిగతా ముగ్గురికీ పంచుతుంది. అదే భవనంలో రోడ్డుకి వెనకవైపు భాగం దొరికితే, అద్దె భరించగలిగితే, ఆలోచించవచ్చు.

నా ఓటు రెండోదానికి. అయితే మూడు షరతులు: సంపు శుభ్రంగా వుండి మునిసిపల్ నీళ్ళు రావాలి, వాననీళ్ళు గడపదాకా రాకూడదు, మీ అత్తగారు ఇతరుల సాయం లేకుండా దిగి ఎక్కగలగాలి. ఇందులో ఏ ఒక్కటి కుదరకపోయినా అదే మెట్రోదారిలో మరోసందు వెతకండి. గది తగ్గినా ఫరవాలేదు. తులసమ్మ కుండీలో కూడా పెరుగుతుంది. ఆవిడకి రోజూ నీళ్ళుపోసే పని మీరు తప్పించవద్దు. ఏ ఇల్లయినా ముందు పదకొండు నెలలకే తీసుకోండి. ఒక వానాకాలం, ఒక చలికాలం చూడకుండా అక్కడ స్థలం గాని, ఫ్లాటు గాని కొనవద్దు.

సామాను సర్దేముందు

అత్తగారి చక్కెర మందులు, మీవారి రక్తపోటు మాత్రలు నెలరోజులకి సరిపడా దగ్గర పెట్టుకోండి. వీటిని లారీలో వేయకండి, చేతిసంచీలో వుంచండి. అబ్బాయికి డాక్టరు రోజూ పీల్చమన్న మందు వుంటే, సామాను సర్దే హడావుడిలో ఒక్కపూట కూడా మానవద్దు. సామాను దులిపేటప్పుడు, కొత్తఇల్లు ఊడ్చేటప్పుడు వాణ్ణి ఆ దుమ్ములో వుంచకండి. పాత చీటీలు, రక్తపరీక్షల రిపోర్టులు, టీకాల కార్డు ఒక ఫైలులో పెట్టండి. కొత్తఊళ్ళో దిగిన మొదటి వారంలోనే, ఎవరికీ ఒంట్లో బాగానే వున్నప్పుడు, దగ్గర్లోని ఒక డాక్టరుని కలిసి ఆ ఫైలు చూపించండి. జ్వరం వచ్చిన రాత్రి డాక్టరుని వెతుక్కోవడం కంటే అది ఎంతో సుఖం.